దసరా బొట్టు పెట్టిన డిస్కులు

పని మానేశాను గానీ ఫోను మానలేదు. కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో కంప్యూటర్ల పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు ఎవరి దగ్గరో నా నంబరు పట్టుకొని చేస్తుంటారు. "దానం సార్, ఇంట్ల స్టోరేజ్ సర్వర్ పెడుతున్నం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏస్తం. ఏ మదర్‌బోర్డు తీసుకోమంటవ్?" అంటారు. నేను తిరిగి అడుగుతాను: "ఎవరింట్ల పెడుతున్నవ్? ఏ అర్రల? దాని పక్కన ఎవరు పండుకుంటరు?" ముసలాయనకు చాదస్తం ముదిరిందని అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు నొప్పి పుడుతోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట ఫోన్ చేసినవాళ్ళకు ఇదే పంపిస్తాను.

ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నా పని జీవితంలో నాకు బాగా ఇష్టమైన మిషన్ ఒకటుంది. జమ్మికుంటలో ఒక ఫోటో స్టూడియో వెనక, ఇంట్లో ఉంటుంది. ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ఖాదర్ సాబ్ సీడీ

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. కరీంనగర్ బస్టాండు దగ్గర చిన్న దుకాణం ఉండేది ఆయనకు. మనిషి సన్నగా ఉండేవాడు గానీ కోపం మాత్రం లావు. కొత్త సామాను వస్తే అట్టపెట్టెలను ఒక మూలకు విసిరేసేవాడు. పెట్టె మీద రాసింది చదివితే తిట్టేవాడు.

"డబ్బ మీద బొమ్మ సూసి మురువకు భాయ్. లోపటి చిప్పు నంబర్ సదువు. పేరు గదే ఉంటది, చిప్పు మారుస్తరు. నెట్‌వర్క్ కార్డు నిన్న ఒక తీరుగుండె, ఇయ్యాల ఇంకో తీరుగుంటది."

అది నిజం. ఒకే పేరుతో అమ్మే కార్డులో కంపెనీవాళ్ళు చెప్పకుండా చిప్పు మార్చేస్తారు. మామూలు కంప్యూటర్‌కు దానితోపాటు ఒక డ్రైవర్ ప్రోగ్రాం ఇస్తారు కాబట్టి ఎలాగోలా నడుస్తుంది. ఓపెన్ సోర్స్ సిస్టమ్ అలా కాదు. దాన్ని రాసినవాళ్ళకు ఆ చిప్పు పరిచయమై ఉండాలి. పరిచయం లేకపోతే నువ్వెంత పెద్ద పేరున్న బోర్డు కొన్నా అది దాన్ని చూసీ చూడనట్టే ఉంటుంది. ఇంకా దరిద్రం ఏమిటంటే, సగం పరిచయమున్న చిప్పులు. పొద్దంతా బాగానే నడిచి, పెద్ద ఫైలు పంపుతున్నప్పుడు చెయ్యి వదిలేస్తాయి.

అందుకని ఖాదర్ సాబ్ దగ్గర ఒక ఉచిత లినక్స్ సీడీ ఉండేది. ఏ సామాను వచ్చినా ముందు దాన్ని బిగించి, ఆ సీడీతో లేపి, సిస్టమ్ ఏమేం గుర్తుపట్టిందో చూసేవాడు. అప్పటిదాకా సామాను గిరాకీ చేతికి ఇచ్చేవాడు కాదు. వాళ్ళు నిలబడి విసుక్కునేవారు. "జర ఆగు భాయ్, దాన్ని మాట్లాడనియ్యి" అనేవాడు. సీడీలు పోయి పెన్ డ్రైవులు వచ్చాయి, ఖాదర్ సాబ్ కూడా కాలం చేశాడు. పద్ధతి మాత్రం నాకు మిగిలింది. కొనకముందు చిప్పు నంబరు చదవండి, కొన్నాక లేపి చూడండి, ఆ తర్వాతే డబ్బా మూత బిగించండి.

ఆయన నేర్పిన ఇంకో అలవాటు తుడవడం. మిషన్ బల్ల మీదికి రాగానే ముందు గుడ్డ తీసుకొని దుమ్ము, అగరుబత్తి మసి, పసుపు, కుంకుమ అన్నీ తుడిచేవాళ్ళం. మాది చర్చి వెనక గల్లీ, మా తాతల నుంచి మెథడిస్టులం. బొట్టు తుడిచేది అందుకని కాదు. కుంకుమ పొడి రాలి ఫ్యాన్‌లోకి పోతుందని. ఖాదర్ సాబ్ కూడా దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తు దారాలను అలాగే కత్తిరించేవాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. కొత్తగా వచ్చిన మిషన్ ఎలా ఉండాలో అలా కనబడేది బల్ల మీద.

రాజేశం పోగొట్టుకున్నది

రాజేశం వాళ్ళది పద్మశాలి కుటుంబం. వాళ్ళ బాపు మరమగ్గం నడిపేవాడు. రాజేశం మగ్గం వదిలి కెమెరా పట్టి, జమ్మికుంటలో స్టూడియో పెట్టాడు. పత్తి మార్కెట్‌కు పోయే దారిలో, ముందు స్టూడియో, వెనక ఇల్లు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు ఆయనే పోయేవాడు. హుజూరాబాద్, సుల్తానాబాద్ వైపు నుంచి కూడా పిలిచేవారు. తీసిన ఏ పెళ్ళినీ చెరిపేవాడు కాదు. ఎందుకు చెరపడో అడిగితే నాకొక సంగతి చెప్పాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దాన్ని తెలుసుకోవాలి.

మా వైపు పెద్దవాళ్ళు ఎవరన్నా పోతే దినాలకు ఫోటో కావాలి. దండ వేసి, దీపం పెట్టి, ముందర కూర్చోవాలి. చాలామంది ముసలివాళ్ళకు ఒంటరిగా దిగిన ఫోటో ఉండదు. ఉన్నది ఆధార్ కార్డు మీద ఉంటుంది, దాంట్లో వాళ్ళను వాళ్ళే గుర్తుపట్టరు. అప్పుడు ఇంటివాళ్ళు పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ దగ్గరికి వస్తారు. "ఫలానా పెండ్లిల మా బాపు పందిరి గుంజకు ఆనుకొని నిలబడ్డడు, జర తీసియ్యి" అంటారు. రాజేశం వెతికి, ఆ మనిషిని గుంపులోంచి వేరు చేసి, పెద్దది చేసి ఇస్తాడు. నాలుగు మండలాల్లో గోడల మీద దండలు వేసుకున్న పెద్దమనుషులు చాలామంది అలా వచ్చినవాళ్ళే.

నేను వెళ్ళేటప్పటికి ఆయన దగ్గర ఒక పెద్ద డబ్బా ఉండేది, ఎవరో బిగించి ఇచ్చింది. లోపల డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా చూపించే రెయిడ్ కార్డు ఉంది. ఏ డిస్కు ఏ తీగకు ఉందన్నదే దానికి ముఖ్యం. అది చెడ్డ కార్డని నేననను. ఎవరూ ముట్టని ఆఫీసు గదిలో పదేళ్ళు నడుస్తుంది. కానీ అది రాజేశం ఇంట్లో పెట్టదగ్గ కార్డు కాదు.

ఎందుకంటే దసరా. దసరాకు ఆయుధపూజ అందరూ చేస్తారు. బండికి, కుట్టుమిషన్‌కు బొట్టు పెడతారు. రాజేశం ఇంట్లో ఇంకొంచెం ఎక్కువ. వాళ్ళ బాపు దసరాకు మగ్గం మీది నాడెలను, అంటే అటూ ఇటూ పోగు మోసే పనిముట్లను, ఇంకా ఊడివచ్చే ముక్కలన్నిటినీ ఊడదీసి, తుడిచి, ఒక్కొక్కదానికి విడిగా బొట్టు పెట్టేవాడట. మొత్తం మగ్గానికి కలిపి ఒక బొట్టు పెడితే పని ఎగ్గొట్టినట్టని ఆయన లెక్క. రాజేశం అదే పద్ధతిలో డబ్బాలో డిస్కులన్నీ ఊడదీసి, పీట మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమలతో పూజ చేసి, తిరిగి పెట్టాడు. ఏది ఎక్కడిదో చూసుకోలేదు. నాడె ఏ మగ్గంలోనైనా నడుస్తుంది కదా.

మర్నాడు డబ్బా అరవడం మొదలుపెట్టింది. వచ్చిన సర్వీసు మనిషి తెర మీద అడిగినదానికల్లా సరే, సరే అని నొక్కాడు. ఆ సరేల్లో ఒకటి "కొత్తగా మొదలుపెట్టనా?" అన్న ప్రశ్నకు. దాంతో కొన్నేళ్ళ పెళ్ళిళ్ళు పోయాయి. ఆ మనిషి పోతూ పోతూ, మిషన్లకు పూజలేంది, సదువుకోలేదా అని రాజేశాన్నే తిట్టి పోయాడు.

నన్ను పిలిచింది అంతా అయిపోయాక. చేసేదేమీ లేదు. రాజేశం మిషన్ గురించి మాట్లాడలేదు, వేరే సంగతి చెప్పాడు.

"మొన్న హుజూరాబాద్ నుంచి ఒకాయన వచ్చిండన్నా. వాళ్ళ బాపు ఫోటో కావాల్నన్నడు. నాకు మంచిగ యాదికున్నది, ఎర్ర రుమాలు కట్టుకొని బువ్వబంతిల తినుకుంట కూసున్నడు. గా పెండ్లి పోయిన దాంట్ల ఉండె. లేదని చెప్పిన. ఆయన ఇంకో పారి సూడుమన్నడు. మళ్ల లేదని చెప్పిన. ఒక్కడే పోయిండన్నా, గట్ల తల ఒంచుకొని." అని ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంకెప్పుడూ ఎవరికీ ఆ మాట చెప్పే పని పడకుండా ఒక మిషన్ కావాలన్నాడు. ఆయన అడిగింది అదొక్కటే.

పూజకు తట్టుకునే మిషన్

సామాను కొనకముందు రాజేశాన్ని, ఆయన భార్య పద్మను కూర్చోబెట్టి అడిగాను: "వచ్చే దసరాకు డిస్కులు ఊడదీస్తరా?"

రాజేశం నేల చూపులు చూశాడు. పద్మ చెప్పింది. "అబద్ధం ఎందుకన్నా, తీస్తం. మా మామ చేసిన పద్ధతి. బుక్కెడు బువ్వ పెట్టే సామాను అది. గది ఒక్కటి ఇడువుమని మాత్రం అనకు."

నేను అనలేదు. పూజ మానమని చెప్పి చేతులు దులుపుకునే సర్వీసు మనుషులను చాలామందిని చూశాను, నాకు వాళ్ళంటే పడదు. ఏడాదికోసారి మిషన్ విప్పి, దుమ్ము తుడిచి, దండం పెట్టే ఇల్లు దొరకడం ఎంత కష్టమో వాళ్ళకు తెలియదు. జమ్మికుంటలో పత్తి సీజన్ మొదలైతే గాలిలో నూగు తేలుతుంటుంది. ఫ్యాన్ల జాలీలకు పరుపులో దూదిలా పేరుకుంటుంది. దాన్ని తీసేది ఆ పూజ ఒక్కటే. అందుకని డిస్కులు తారుమారైనా పట్టించుకోని మిషన్‌నే కట్టాలని నిశ్చయించుకున్నాను.

మేం వేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మంచి గుణం ఉంది. అది ప్రతి డిస్కు మీదా దాని పేరు, అది ఏ గుంపులోదో రాసి పెడుతుంది. లేచినప్పుడు ఒక్కొక్కదాన్నీ నువ్వెవరని అడిగి కలుపుకుంటుంది. ఏ తీగకున్నావని అడగదు. కానీ అది అలా అడగాలంటే మధ్యలో ఎవరూ అడ్డు ఉండకూడదు. అందుకే రెయిడ్ కార్డు వద్దన్నాను. డిస్కులను ఉన్నవాటిని ఉన్నట్టు ముందుకు పంపే మామూలు కార్డు చాలు. పాత ఆఫీసు సర్వర్ల నుంచి తీసినవి దొరుకుతాయి, లోపల దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ మార్చుకోవాలి. బాగా వేడెక్కుతాయి కాబట్టి దాని మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టాలి. యూఎస్‌బీ డబ్బాల్లో డిస్కులు పెట్టి తగిలించడం కూడా వద్దు. అవి చాలాసార్లు డిస్కు పేరు దాచి తమ పేరు చెబుతాయి.

రాజేశానికి ఇదంతా ఎలా అర్థమవుతుందా అనుకున్నాను. ఆయనే "అంటే ఇవి పడుగు పోగులసొంటివి కావన్నట్టు. పడుగుల ఒక్క పోగు జాగ మారితే డిజైన్ ఖరాబైతది. ఇవి ఎటు పెట్టినా నడుస్తయి" అన్నాడు. అంతే అన్నాను. అప్పటి నుంచి నేను పిల్లలకు కూడా అలాగే చెబుతున్నాను.

డిస్కుల దగ్గర ఒక పేచీ పడింది. ఆయనకు చౌకగా, అగ్గువకు దొరికినవి రెండు కొనుక్కొచ్చాడు. అవి గూన పెంకుల్లా గీత మీద గీత ఎక్కించి రాసే రకం. దాచిపెట్టి చదువుకోవడానికి పనికొస్తాయి. ఒక డిస్కు పోయి కొత్తది నింపాల్సి వచ్చినప్పుడు మాత్రం నెమ్మదించి, మొరాయించి, మొత్తం గుంపును అవస్థ పెడతాయి. పెట్టె మీద ఆ ముక్క రాయరు, కంపెనీ కాగితాల్లో మోడల్ నంబరు వెతికి చూడాలి. వాపస్ ఇచ్చి రమ్మన్నాను. రాజేశం రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు, మూడో రోజు వాపస్ ఇచ్చి వచ్చాడు.

మెమరీ విషయంలో ఇంకో మోసం ఉంది. తప్పును తానే పట్టి దిద్దుకునే మెమరీ వేయమని అందరూ చెబుతారు, మంచిదే. కానీ కొన్ని బోర్డులు దాన్ని పెట్టుకుంటాయి గానీ ఆ దిద్దే పని చేయించుకోవు. స్లాట్‌లో కూర్చుంది కదా అని సంబరపడితే లాభం లేదు. ఆ బోర్డు, ఆ ప్రాసెసర్, ఆ మెమరీ మూడూ దానికి ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. మేం లేపి, సిస్టమ్‌నే అడిగి, అవునన్నాకే మూత బిగించాం. కరెంటు పోతే మిషన్‌కు కబురు చెప్పి దాన్నంతట దాన్నే పడుకోబెట్టే యూపీఎస్ తీసుకున్నాం. అది కూడా మా సాఫ్ట్‌వేర్‌కు భాష తెలిసిన మోడలేనా అని చూసుకొనే తీసుకున్నాం.

ఆరు డిస్కులు వేసి, ఏ రెండు పోయినా లోపలి ఫోటోలు నిలబడేటట్టు కట్టాం. ఒక్కో డిస్కు తొడుగు మీద దాని నంబరు రాసిన చీటీ అంటించాను, చెడిపోయినప్పుడు మంచిదాన్ని పీకకుండా. పూజకు కూడా పద్ధతి చెప్పాను. ముందు సాఫ్ట్‌వేర్‌లో ఆపండి, వైరు పీకండి, డిస్కు తిరగడం ఆగేదాకా కూర్చోండి, బొట్టు తొడుగు మీదే పెట్టండి. పద్మ అన్నీ విని, "పసుపు పొడిది పెట్టాల్నా, తడిదా?" అని అడిగింది. పొడిదే అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను పని మానేశాను. అది నేను కట్టిన చివరి పెద్ద మిషన్.

మళ్ళీ దసరా

దసరా మర్నాడు పొద్దున రాజేశం ఫోన్ చేశాడు.

"అన్నా, మిషన్ లేస్తలేదు. లైట్లు ఎలుగుతున్నయ్, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, మా కంప్యూటర్ల మాత్రం కనవడ్తలేదు. ఈడ సరోజన కూసున్నది. వాళ్ళ అవ్వ పోయింది. ఎల్లుండే దినాలు. నేను మళ్ల లేదని చెప్పాల్నా?"

ఏమీ నొక్కవద్దు, నేను వచ్చేదాకా దేన్నీ ముట్టవద్దు అని చెప్పి బస్సెక్కాను. హుజూరాబాద్ దాటేదాకా మనసులో ఒక్కటే లెక్క. డిస్కులు తారుమారైతే ఫికర్ లేదు. ఒకటి పోయినా ఫికర్ లేదు. మరి ఏమైంది? నాకు భయం వేసింది. మిషన్ గురించి అంత భయం నా సర్వీసులో ఎప్పుడూ పడలేదు.

స్టూడియో బెంచీ మీద, తల్లిని పోగొట్టుకున్న సరోజన కూర్చొని ఉంది. జిన్నింగు మిల్లులో పని చేసే మనిషి, కొంగుకు ఇంకా దూది నూగు అంటుకొని ఉంది. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నాను.

"మా అవ్వ కొమురవ్వ సార్. ఫోన్ పట్టంగనే కొంగు కప్పుకునేది. ఒక్క ఫోటో దిగలే. ఇంట్ల ఎంత దేవులాడినా లేదు. సుల్తానాబాద్‌ల మా మేనమామ బిడ్డ పెండ్లి రాజేశమన్ననే తీసిండు. దాంట్ల ఉండొచ్చు అని వచ్చిన. ఉంటదా సార్?"

చూద్దాం అమ్మా అన్నాను. ఉంటుందని అనడానికి నోరు రాలేదు.

లోపల మిషన్ ముందు కూర్చున్నాను. తొడుగులన్నిటి మీదా చక్కగా పసుపు, మీద కుంకుమ. పద్మ నేను అంటించిన చీటీల మీదే, సరిగ్గా నంబర్ల మీదే బొట్టు పెట్టింది. డిస్కులన్నీ తారుమారుగా ఉన్నాయి, దానికేం కాదు. కింది వరసలో ఒక చిన్న తొడుగు మాత్రం ఖాళీగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఉండే చిన్న డిస్కు జాగా అది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది లేకపోతే మిషన్‌కు ఒళ్ళంతా ఉన్నా తెలివి ఉండదు.

"పద్మా, ఇన్నిటిని ఊడదీసినవ్ గదా, అన్నిటికన్న చిన్నది ఏడ వెట్టినవ్?"

పద్మ అటూ ఇటూ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గబగబా దేవుని అర్రలోకి పోయింది, వెనకాలే మేమూ వెళ్ళాం. పీట మీద వాళ్ళ మామ నాడె ఉంది, దాని మీద బంతిపూల దండ ఉంది. దండ పక్కకు జరిపితే నాడె పక్కనే, ఒంటినిండా పసుపుతో, చిన్న డిస్కు పడుకొని ఉంది.

"మళ్ల పెట్టేటప్పుడు కెమెరా బ్యాటరీ అనుకున్నన్నా. పూలు రేపటిదాక తీయద్దు గదా అని ఇడిసిపెట్టిన" అంది పద్మ. రాజేశం గోడకు ఆనుకొని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది గానీ అప్పుడే నవ్వలేదు. అది పోయినా వేరే చిన్న డిస్కులో సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసుకొని ఆరింటినీ పిలుచుకోవచ్చు. కానీ ఆ ఆరూ పలుకుతాయో లేదో ఇంకా చూడలేదు.

చిన్నదాన్ని తగిలించే చోట పొడి ఊదేసి, పెట్టి లేపాను. తెర మీద ఐదు డిస్కులు వచ్చాయి. ఆరోది లేదు, నారింజ రంగు హెచ్చరిక. రాజేశం ముఖం మళ్ళీ వాడిపోయింది. ఫోటోలు ఎక్కడికీ పోలేదు, ఐదింటితో నడుస్తుంది, కూర్చో అని చెప్పి, మిషన్ ఆపి, రానిదాన్ని బయటికి తీశాను. దాన్ని తగిలించే పళ్ళ సందుల్లో తడి పసుపు ఎండి ఉంది.

"పొడిదన్నగదా" అన్నాను.

"ఐదిటికి పొడిదే పెట్టిన. లాస్టుదానికి పసుపు తక్కువవడ్డది, జరన్ని నీళ్ళు కలిపిన" అంది పద్మ. తిట్టాలంటే నోరు రాలేదు. ఆఖరి డిస్కుకు బొట్టు లేకుండా పోతుందని ఆమె పడ్డ పరేషాన్ కనబడుతూనే ఉంది.

స్పిరిట్‌తో తడిపిన గుడ్డ తీసుకున్నాను. చేతికి పాత అలవాటు, ముందు తొడుగు మీది బొట్టు మీదికి పోయింది. అక్కడ ఆగాను. ఆ పళ్ళను మాత్రం శుభ్రంగా తుడిచాను. బొట్టును అలాగే ఉంచాను.

మళ్ళీ లేపితే ఆరూ పలికాయి. తప్పిపోయిన కాస్త రాతను ఆరోది తనంతట తానే రాసుకుంది.

కొమురవ్వ

రాజేశం సుల్తానాబాద్ పెళ్ళి తెరిచాడు. ఫోటోల్లో వెతికాడు. బువ్వబంతిలో లేదు, పందిట్లో లేదు. ఒక గుంపు ఫోటోలో కొమురవ్వ ఉంది గానీ కొంగు ముఖం మీద ఉంది. సరోజన మా వెనక నిలబడి పోతున్న ఒక్కో ఫోటోనూ చూస్తోంది. ఫోటోలు అయిపోయాయి.

"వీడియో సూద్దాం" అన్నాడు రాజేశం. పెళ్ళికి ముందు పసుపు దంచే దగ్గరిది. ఆడవాళ్ళంతా రోలు చుట్టూ కూర్చున్నారు, రోకళ్ళకు తోరాలు కట్టి ఉన్నాయి. కెమెరా దూరంగా, గడప పక్కన ఉందట, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఒకావిడ రోకలి పోటుకు తగ్గట్టు పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పాడుతూ పాడుతూ ఆవిడ తలెత్తి ఎవరినో చూసి నవ్వింది. ముఖం నిండుగా, కొంగు భుజం మీదే ఉంది.

"అవ్వ" అంది సరోజన.

రాజేశం అక్కడ ఆపి, ఫోటో తీయబోయాడు. సరోజన ఆయన చెయ్యి పట్టుకుంది. "ఆపకన్నా. నడువనియ్యి."

నడిచింది. కొమురవ్వ పాడుతూనే ఉంది. సరోజన నేల మీద కూలబడి, మోకాళ్ళు పట్టుకొని వింది. ఫోటో కోసం వచ్చిన మనిషి. గొంతు కూడా ఉంటుందని ఆమె అనుకోలేదు. పద్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మేం ఇద్దరం తెర వైపు చూస్తూ నిలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పాట అయ్యాక సరోజన కళ్ళు తుడుచుకొని మిషన్ వైపు చూసింది. "గీ డబ్బల మా అవ్వ ఎన్నొద్దులుంటది సార్?"

ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఎన్నో అడిగారు. ఎంత జాగా, ఎంత స్పీడు, ఎన్నేళ్ళ గ్యారంటీ. ఈ పనంతా ఎందుకో ఒక్క మాటలో అడిగింది ఆమే. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"డిస్కులు పోతయమ్మా. ప్రతీ డిస్కు ఒకనాడు పోతది. పోయినప్పుడల్ల కొత్తది పెట్టుకుంట పోతే అవ్వ ఉంటది. ఎవరో ఒకరు సూసుకుంట ఉండాలె, అంతే."

"సూసుకుంటం" అన్నాడు రాజేశం.

ఇంకో ఇల్లు

ఆ రోజు సాయంత్రం రాజేశానికి చెప్పాను. ఆరు డిస్కులున్నా ఒకే ఇంట్లో ఉన్నాయి. వాన నీళ్ళు వచ్చినా, దొంగలు పడ్డా, నువ్వే పొరపాటున చెరిపినా ఆరూ కలిసే పోతాయి. ఇంకో నకలు వేరే ఇంట్లో ఉండాలి. పిల్లలూ, మీకు కూడా చెబుతున్నాను, దీన్ని దాటవేసి ఎవరికీ మిషన్ అప్పగించకండి.

"మీ ఇంట్లనే పెట్టుకో అన్నా" అన్నాడు ఆయన.

అట్లా కరీంనగర్‌లో చర్చి వెనక గల్లీలో, మా ఇంట్లో, బట్టల బీరువా పక్కన చిన్న మిషన్ ఒకటి నడుస్తోంది. జమ్మికుంట పెళ్ళిళ్ళన్నీ ఇంటర్నెట్ మీద నెమ్మదిగా వచ్చి దాంట్లో చేరుతుంటాయి. దాన్ని కూడా ఖాదర్ సాబ్ పద్ధతిలోనే చిప్పు నంబర్లు చదివి కట్టాను. మా ఇంటావిడ సుగుణ ముందు చప్పుడు ఎక్కువని సణిగింది, తర్వాత అలవాటు పడింది. ఇప్పుడు కరెంటు పోతే నాకంటే ముందు ఆమే లేచి యూపీఎస్ చూస్తుంది.

ఈసారి దసరాకు రాజేశం, పద్మ మా ఇంటికి వచ్చారు. పసుపు, కుంకుమ పొట్లాలు తెచ్చారు. గడపలోనే నిలబడి రాజేశం మొహమాటంగా అడిగాడు. "మీది చర్చి ఇల్లాయె. దానికి బొట్టు పెట్టనిస్తరా అన్నా?" నేను సుగుణ వైపు చూశాను. "పెట్టుకోండ్రి, కాని పసుపు తడపకుండ్రి" అంది సుగుణ. నా దగ్గర అంతా వినేసింది. పద్మ సిగ్గుపడి నవ్వింది. డిస్కులు ఊడదీయవద్దని నేను గట్టిగా చెప్పాను. ఊడదీసినా ఏమీ కాదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

బొట్లు పెట్టడం అయ్యాక పద్మ తన సంచిలోంచి ఒక కాగితం మడత తీసి నా చేతిలో పెట్టింది. దసరా నాడు పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కే జమ్మి ఆకు ఉంది దాంట్లో.

"సరోజన పంపింది. స్టూడియోల మిషన్ మీద ఒకటి పెట్టి మొక్కింది. దానమన్న ఇంట్ల గూడ మా అవ్వ ఉన్నది గదా, ఆడ గూడ పెట్టుండ్రి అన్నది."

నేను ఆ జమ్మిని తీసుకెళ్ళి మిషన్ మీద పెట్టాను. గాలి పోయే జాలీ మీద కాకుండా, కొంచెం పక్కకు జరిపి పెట్టాను.